ఓత్‌రీవ్: పోస్ట్‌మ్యాన్ కట్టిన కోట కోసం ఒక రోజు పెట్టుకోవచ్చా?

లియాన్_లలిత
వచ్చే నెల అమ్మానాన్న తణుకు దగ్గర్నుంచి వస్తున్నారు, మూడు వారాలుంటారు. పారిస్ రెండు రోజులు, ఆనెసీ ఒక రోజు ఖాయమైపోయాయి. మిగిలిన ఒక్క శనివారం ఓత్‌రీవ్ తీసుకెళ్దామని నా పట్టుదల. ద్రోమ్ జిల్లాలో రెండు వేల దరిదాపు జనం ఉండే పల్లెటూరు. అక్కడ ఫెర్దినాన్ షెవాల్ అనే పోస్ట్‌మ్యాన్ సొంతంగా కట్టుకున్న "పాలే ఇదెయాల్" (ఆదర్శ సౌధం) ఉంది. మా ఆయన ఆఫీసులో ఎవరిని అడిగినా "చిన్నప్పుడు బళ్ళో తీసుకెళ్ళారు, గంటలో అయిపోతుంది" అంటున్నారట. గంట చూడ్డానికి రానూ పోనూ అంత ప్రయాణమా అని ఇంట్లో ఒకటే వాదన. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ ఒక్క కట్టడమేనా, ఊళ్ళో చూడదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా?

గ్రెనోబుల్_గోపి
నేను రెండుసార్లు వెళ్ళాను, ఎవరైనా తోడొస్తే మూడోసారీ వెళ్తాను. గంటలో అయిపోయిందనేవాళ్ళు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫోటో దిగి, కారెక్కేసినవాళ్ళు. లోపల పొడుగాటి గ్యాలరీ ఉంది, మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళొచ్చు, గోడల నిండా ఆయన రాసుకున్న మాటలున్నాయి. అవి చదువుకుంటూ నడిస్తేనే రెండు గంటలు. కారు ఉందా మీకు? బస్సులు నమ్ముకుంటే మాత్రం కష్టం.

బెజవాడ_బుజ్జి
నా అనుభవం వేరు, చెప్తా. పిల్లలతో వెళ్ళాం. దూరం నుంచి చూస్తే పెద్ద చెదలపుట్టలా ఉంది. పొడవు 26 మీటర్లు, ఎత్తు పది పన్నెండు మీటర్లు, అంతే. కోట అనుకుని వెళ్తే ఉసూరుమనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక అన్నానికి వెళ్తే ఒక హోటలువాళ్ళు వంటిల్లు మూసేశామన్నారు, పిల్లలు బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు. పెద్దవాళ్ళతో అయితే ఆనెసీలోనే ఇంకో పూట ఉండండి, హాయి.

లియాన్_లలిత
కారు ఉంది గోపి గారూ. బుజ్జి గారూ, భోజనం సంగతి చెప్పి మంచి పని చేశారు, నాన్నకి షుగరు.

గులకరాయి
బుజ్జి గారూ, మీరు నచ్చక అన్నారు గానీ, చెదలపుట్ట అన్న పోలిక నాకు బాగా నచ్చింది. చెదపురుగు కూడా నోటితో కొంచెం కొంచెం మన్ను తెచ్చే కదా కట్టేది. షెవాల్ చేసింది అచ్చంగా అదే.

ఫెర్దినాన్ షెవాల్ 1836లో ఓత్‌రీవ్‌కి దగ్గర్లోనే షార్మ్ అనే ఊళ్ళో పుట్టాడు. పేద రైతు కుటుంబం. మొదట రొట్టెలు కాల్చే పని నేర్చుకున్నాడు, 1867లో తపాలాలో చేరాడు. ఓత్‌రీవ్ నుంచి తెర్సాన్ వైపు పల్లెల్లో బట్వాడా, రోజుకి 30 కిలోమీటర్ల పైన, అంతా కాలినడకే. 1879 ఏప్రిల్‌లో ఒక రోజు దారిలో రాయి తట్టుకుని పడబోయాడు. ఏమిటా అని చూస్తే వింత ఆకారంలో ఉంది. చేతిరుమాల్లో మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు అదే చోటికి వెళ్తే ఇంకా అందమైనవి దొరికాయి. శిల్పం చెక్కే పని ప్రకృతి చేస్తానంటే తాపీ పని, నిర్మాణం నేను చూసుకుంటా అనుకున్నాడు. ఆ మాట ఆయనే రాసుకున్నాడు. అప్పటికి వయసు 43.

ముందు జేబుల్లో, తర్వాత గంపల్లో, ఆ తర్వాత ఒంటిచక్రం తోపుడుబండిలో రాళ్ళు మోశాడు. బట్వాడాలో వెళ్తూ వెళ్తూ నచ్చిన రాళ్ళు దారి పక్కన కుప్ప పెట్టుకోవడం, డ్యూటీ అయ్యాక బండి తోసుకుంటూ వెళ్ళి తెచ్చుకోవడం. రాత్రిళ్ళు దీపం పెట్టుకుని పని. ఊరివాళ్ళు పిచ్చోడన్నారు. 1912లో పూర్తయింది, 33 ఏళ్ళు. తూర్పు ముఖానికే 20 ఏళ్ళు పట్టింది.

నర్సన్న_ఇందూరు
మేం వాలెన్స్‌ల ఉంటం, మాకు దగ్గర్నే. గోడ మీద "10 వేల రోజులు, 93 వేల గంటలు, 33 ఏండ్ల కష్టం" అని రాసి ఉంటది. నేను ఆడ్నే నిలబడి లెక్క కట్టిన. దినాం తొమ్మిది గంటలకు ఎక్కువనే వస్తది. 30 కిలోమీటర్లు నడ్శినోనికి ఇంక తొమ్మిది గంటలు ఏడికెల్లి వస్తయి గులకరాయన్నా?

గులకరాయి
నర్సన్నా, ఆ లెక్క ఆయన సొంతంగా రాసుకున్నది. ఒకటి గుర్తుంచుకోండి, 1896లో ఉద్యోగ విరమణ చేశాడు. ఆ తర్వాత 16 ఏళ్ళు ఇదే లోకం. మొదటి 17 ఏళ్ళల్లో తక్కువ, చివర్లో ఎక్కువ అనుకుంటే మరీ నమ్మలేనిదేం కాదు.

నర్సన్న_ఇందూరు
గట్లయితే సరే. ఒక్క మనిషి పని అని గూడ రాసుకున్నడు గోడ మీద. గది సూశినంక లెక్కలు బంద్ జేశిన.

ప్రశ్నార్థకం
అందులో హిందూ గుడి ఉందని ఎక్కడో చదివాను. నిజమేనా? ఫ్రెంచి పోస్ట్‌మ్యాన్‌కి మన గుడి ఎలా తెలుస్తుంది?

గ్రెనోబుల్_గోపి
నిజమే. పడమటి ముఖంలో గూళ్ళ లాంటివి చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో కట్టడాన్ని బొమ్మరిల్లులా పెట్టాడు. హిందూ దేవాలయం, స్విట్జర్లాండ్ కొండ ఇల్లు, అమెరికా వైట్‌హౌస్, అల్జీర్స్‌లోని చతురస్రపు ఇల్లు, మధ్యయుగపు కోట. అన్నీ పక్కపక్కనే. మా అత్తగారు గుడి అనగానే చెప్పులు విప్పబోయారు, లోపలికి దారి లేదత్తయ్యా అంటే అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నారు.

బెజవాడ_బుజ్జి
దాన్ని గుడి అనుకుని వెళ్ళడమే పొరపాటు. మన గాలిగోపురం పోలిక ఎక్కడా కనబడలేదు నాకు.

గులకరాయి
కనబడదు, నిజం. ఆయన ఆ జిల్లా చుట్టుపక్కలు దాటి పెద్దగా తిరిగినవాడు కాదు. ఆ రోజుల్లో బొమ్మలతో వచ్చే పత్రికలు, తర్వాత బొమ్మల పోస్టుకార్డులు ఆయన చేతుల మీదుగానే ఊళ్ళకి చేరేవి. ఇంకొకరి ఇంటికి వెళ్ళే కార్డు మీద ఒక్క నిమిషం గుడి బొమ్మ చూసినవాడు ఎంత గుర్తుపెట్టుకోగలడో అంత కట్టాడు. అందుకే నాకు ఆ గుడి అంటే అంత ఇష్టం. ప్రపంచమంతా ఒక తపాలా సంచిలోంచి చూసిన మనిషి కట్టిన గుడి అది. కొలతలు తప్పాయని నేను అనలేను.

లియాన్_లలిత
గులకరాయి గారూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తెలీలేదు. అసలు సంగతి ముందే చెప్పాల్సింది. మా నాన్న 36 ఏళ్ళు పల్లెల్లో ఉత్తరాలు పంచారు. మొదట్లో ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనేవారు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. ఐదు ఊళ్ళ బీటు, సైకిలు. ఇరగవరం వైపు కాలవగట్ల మీద వానాకాలంలో సైకిలు భుజాన వేసుకుని నడిచేవారు. చదువురాని వాళ్ళ ఉత్తరాలు ఆయనే చదివి పెట్టేవారు, మనియార్డరు వస్తే వేలిముద్ర వేయించి డబ్బు చేతిలో లెక్కపెట్టి ఇచ్చేవారు. ఓత్‌రీవ్ అని నేను పట్టుబడుతోంది అందుకు.

బెజవాడ_బుజ్జి
ఇది ముందే చెప్తే నేను అలా రాసేదాన్నా లలితా! ఆనెసీ మానేసైనా సరే వెళ్ళండి. భోజనం మాత్రం పన్నెండున్నరకల్లా.

ప్రశ్నార్థకం
నేనూ అదే అంటున్నా. వచ్చాక ఇక్కడ రాయాలి మరి.

పల్లె_పారిజాతం
నేను బుర్గోఞ్‌లో మూడు వందల మంది ఉండే ఊళ్ళో పదేళ్ళుగా ఉంటున్నాను. లలిత గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఊళ్ళో ఇంకేముంది అని అడిగారు కదా. ఫ్రాన్సులో దాదాపు 35 వేల కమ్యూన్లు (మన పంచాయతీల లాంటివి) ఉన్నాయి, ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఊళ్ళే. ఏ ఊరికి వెళ్ళినా నేను ముందు మూడు చోట్లకి వెళ్తాను.

ఒకటి, యుద్ధంలో పోయినవాళ్ళ స్మారక స్తంభం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కొద్ది ఏళ్ళల్లోనే ఊరూరా కట్టారు. మా ఊళ్ళో స్తంభం మీద 19 పేర్లు, అందులో ఒకే ఇంటిపేరుతో మూడు. అన్నదమ్ములు. మా పక్కింటి పెద్దావిడ ఆ యుద్ధం ఆగిన రోజైన నవంబరు 11న ప్రతి ఏడూ ఆ మూడు పేర్ల దగ్గర చేయి పెట్టి నిలబడుతుంది, వాళ్ళు ఆవిడ నాన్నమ్మ తమ్ముళ్ళు. రెండోది, చర్చి. మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేసిన 1905 చట్టం వచ్చాక అప్పటికే ఉన్న ఊరి చర్చిల బాధ్యత కమ్యూన్ల మీద పడింది. మతంతో సంబంధం లేని మేయరే చర్చి కప్పు కారుతోందని నిధుల కోసం తిరుగుతుంటాడు. మూడోది బట్టలుతికే రేవు, లావ్వార్ అంటారు. పైన పెంకుల కప్పు, కింద రాతి తొట్టి, అంచు రాయి వాలుగా ఉంటుంది. మా ఊరి తొట్టి అంచున ఒకచోట రాయి నున్నగా గుంటపడి ఉంది, నా మోచేయి సరిగ్గా పడుతుంది అందులో. ఎంతమంది ఆడవాళ్ళు అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు రుద్దితే ఆ రాయి అంత అరిగిందో.

గ్రెనోబుల్_గోపి
పారిజాతం గారు చెప్పింది నిజమే, కానీ ఒక్క రోజులో ఇవన్నీ ఎక్కడ! షెవాల్ కట్టినదాని ముందు రేవూ స్తంభమూ ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు.

పల్లె_పారిజాతం
గోపి గారూ, అక్కడే నాకు అభ్యంతరం. ఏ ఊళ్ళోనైనా ఉంటాయి కాబట్టే ఎవరూ ఆగరు. షెవాల్ కట్టినదీ మొదట ఆ ఊరి మామూలు రాళ్ళే కదా.

గులకరాయి
పారిజాతం గారి వైపే నా ఓటు. ఓత్‌రీవ్ చుట్టుపక్కల ఇళ్ళ గోడలు చూడండి. గలోర్ నది తెచ్చిన గుండ్రటి గులకరాళ్ళని ఒక వరస ఇటు, ఒక వరస అటు వాల్చి పేరుస్తారు, జడ అల్లినట్టు ఉంటుంది. ఆ ప్రాంతమంతా మట్టిని చెక్కల మధ్య పోసి దిమ్మిసతో కుదించి కట్టిన గోడలు కూడా ఉన్నాయి, పిజే అంటారు. అక్కడి మొలాస్ రాయి మెత్తటి ఇసుకరాయి. కోటి ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్తే ఆ చోటంతా సముద్రం. షెవాల్ కాలికి తగిలింది ఆ జాతి రాయే, నీళ్ళు తొలిచి తొలిచి వింత రూపాలు వచ్చినవి. ఊరి గోడలు చూసి కోటకి వెళ్తే, ఆయన చేతిలోకి ఏ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. సిమెంటు, సున్నంలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు కూడా అద్దాడు. తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూడండి.

నర్సన్న_ఇందూరు
ముగ్గురు పొడుగు బొమ్మల సంగతి ఎవ్వరు చెప్తలేరు. తూర్పు దిక్కు సీజర్, వెర్సింజెటోరిక్స్, ఆర్కిమెడిస్. సన్నగ, పొడుగ్గ, కండ్లు పెద్దగ. క్రీ.పూ. 52ల ఆ సీజరే గాల్ తెగల నాయకుడు వెర్సింజెటోరిక్స్‌ను ఓడగొట్టిండు. ఓడినోడు, గెల్శినోడు ఒక్క గోడకే నిలబడి కోటను మోస్తరు, తోడుగ సైంటిస్టు. మా పోరడు ఆర్కిమెడిస్ పక్కన ఫోటో కావాలన్నడు, బళ్ళె పాఠం ఉన్నదట.

చండీగఢ్_చంద్రం
ఫ్రాన్సు ఎప్పుడూ వెళ్ళలేదు, ఇది చదువుతుంటే మా ఊరి రాక్ గార్డెన్ గుర్తొచ్చింది. నేక్ చంద్ గారు రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టరు. 1957 నుంచి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్ళు సైకిలు మీద మోసుకెళ్ళి అడవిలో రహస్యంగా బొమ్మలు కట్టారు. 1975 దాకా అధికారులకి తెలీదు. తెలిశాక కూల్చేస్తారేమో అనుకుంటే 1976లో జనానికి తెరిచారు. షెవాల్ కట్టినదాన్ని ప్రభుత్వం ఎలా చూసింది?

గులకరాయి
చంద్రం గారూ, మొదట్లో ఘోరంగా చూసింది. 1960ల్లో వారసత్వ కట్టడంగా గుర్తించమని అడిగితే, మోటు మనిషి బుర్రలోని పిచ్చి పోగు అన్న అర్థం వచ్చేట్టు శాఖవాళ్ళు నివేదిక రాశారు. అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో ఆ మాట లెక్కచెయ్యకుండా 1969లో చారిత్రక కట్టడంగా ప్రకటింపజేశాడు. అంతకు ముందే కవి ఆంద్రే బ్రెతోఁ, పికాసో లాంటివాళ్ళు దాన్ని చూసి మెచ్చుకున్నారు. 1994 నుంచి అది ఓత్‌రీవ్ కమ్యూన్ సొత్తు. పిచ్చోడన్న ఊరే ఇప్పుడు దానికి యజమాని.

గ్రెనోబుల్_గోపి
సరే, నేను తగ్గుతున్నా, గోడలు కూడా చూడండి. కానీ ఊళ్ళో ఒక చోటు అస్సలు వదలొద్దు: శ్మశానం. షెవాల్ తన కోటలోనే సమాధి కావాలనుకున్నాడు, అనుమతి దొరకలేదు. దాంతో 78వ ఏట మళ్ళీ బండి పట్టుకుని, 1914 నుంచి 1922 దాకా ఊరి శ్మశానంలో తన సమాధి తనే కట్టుకున్నాడు. దాని పేరు "నిశ్శబ్దానికి, అంతులేని విశ్రాంతికి సమాధి". 1924 ఆగస్టులో 88 ఏళ్ళకి పోయాడు.

ఆయనకి ఆలీస్ అని ఒక కూతురు. ఆ రాయి తగిలిన 1879లోనే పుట్టింది. 1894లో 15 ఏళ్ళకే పోయింది. కోట పక్కన ఆయన కట్టుకున్న ఇంటికి ఆ పిల్ల పేరు మీదే విలా అలీసియుస్ అని పెట్టాడు. నేను రెండోసారి వెళ్ళింది మా పాప పుట్టాక. మొదటిసారి ఆ ఇంటిని పట్టించుకోనే లేదు. రెండోసారి దాని ముందే చాలాసేపు నిలబడిపోయాను.

లియాన్_లలిత
అమ్మతో శ్మశానానికి అంటే వస్తుందో రాదో. నాన్న వస్తారు.

మొక్కజొన్న_పొత్తు
తిండి సంగతి నేను చెప్తా. ఆ వైపు రవియోల్ దొరుకుతాయి, గోటి సైజులో పల్చటి పిండి బిళ్ళలు, లోపల జున్ను, పార్స్‌లీ ఆకు. మాంసం ఉండదు. పిండిలో గుడ్డు ఉంటుంది, అమ్మగారు తింటారో లేదో అడిగి చెప్పండి. పోఞ్ అని నారింజ పూల నీళ్ళు వేసిన గుండ్రటి తీపి రొట్టె ఉంటుంది, రోమాఁ ఊరిది. షుగరున్న నాన్నగారికి ఒక్క ముక్కే.

పల్లె_పారిజాతం
ఎప్పుడైనా మళ్ళీ వెళ్ళాలనుకుంటే సెప్టెంబరు మూడో వారాంతం చూసుకోండి. వారసత్వ దినాలని 1984 నుంచి జరుపుతున్నారు, మామూలుగా తాళం వేసి ఉండే చర్చిలు, పాత మిల్లులు ఆ రెండు రోజులు తెరుస్తారు. ఊరి పెద్దవాళ్ళే నిలబడి కథలు చెప్తారు.

లియాన్_లలిత
వెళ్ళొచ్చాం! ఆలస్యానికి ఏమనుకోకండి, అమ్మానాన్న విమానం ఎక్కేదాకా తీరిక లేదు.

పదింటికి చేరాం. గులకరాయి గారు చెప్పినట్టు ముందు వీధుల్లో నడిచాం. జడ అల్లిక గోడ ఒకటి కనబడింది, అమ్మ దాన్ని చూసి "మా పుట్టింటి తాటాకు దడి ఇలాగే ఉండేది" అంది. స్మారక స్తంభం దగ్గర పేర్లు చదివాను, నాన్న ప్రతి పేరుకీ తలూపారు.

కోట లోపలికి వెళ్ళాక నాన్న మొదటి ప్రశ్న: "ఇతని బీటు ఎంత?" 30 కిలోమీటర్ల పైన, నడకే అన్నాను. "మంచు పడ్డప్పుడు కూడానా?" అన్నారు. అవునన్నాను. ఇంక ఏమీ అడగలేదు. ముగ్గురు రాక్షస బొమ్మల్ని గానీ, మన గుడిని గానీ పెద్దగా చూడలేదు. తోపుడుబండి దగ్గర ఆగిపోయారు. గూట్లో పెట్టి ఉంది, చెక్క బండి. పక్కన ఆ బండే మాట్లాడుతున్నట్టు రాసి ఉంది: తెలివైన పనివాడికి నమ్మకమైన తోడును నేను, రోజూ పల్లెల్లో తన వంతు రాళ్ళు ఏరుకున్నవాడికి, అని. తెలుగులో చెప్పాను. నాన్న రెండోసారి చెప్పమన్నారు. తర్వాత "నా సైకిలు అమ్మకుండా ఉండాల్సింది" అన్నారు. 2011లో అమ్మేశాం దాన్ని, పాత ఇనప సామాన్ల కింద.

పైన మిద్దె మీద, మొదట కాలికి తగిలిన ఆ రాయి ఉంది కదా, దాని ముందు అమ్మే ఎక్కువసేపు ఉంది. శ్మశానానికి కూడా వచ్చింది, గోపి గారూ. బయటే ఉంటానని గేటు దాకా వచ్చి, మళ్ళీ లోపలికి వచ్చేసింది.

రవియోల్ ఇద్దరికీ నచ్చాయి. అమ్మ గుడ్డు తినదు, తనకి బంగాళాదుంపలు.

బెజవాడ_బుజ్జి
సైకిలు మాట దగ్గర ఆగిపోయాను లలితా.

నర్సన్న_ఇందూరు
నాయిన బీటు ఎన్ని కిలోమీటర్లు ఉండె?

లియాన్_లలిత
22 అన్నారు నర్సన్న గారూ. తిరుగు దారిలో కారులో ఆ ఐదు ఊళ్ళ పేర్లూ వరసగా చెప్పారు, ఏ ఊళ్ళో ఏ చెట్టు కింద ఆగేవారో కూడా.

గులకరాయి
లలిత గారూ, అక్కడ పోస్టుకార్డులు కొన్నారా?

లియాన్_లలిత
కొనకుండా ఉంటారా! ఆరు కొన్నారు. ఐదు తన బీటులోని ఊళ్ళకి, ఇప్పటికీ తెలిసినవాళ్ళు ఉన్న ఇళ్ళకి. ఆరోది తన పాత బ్రాంచి పోస్టాఫీసుకే. ఇప్పుడక్కడ పని చేసేది ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, నాన్నే దగ్గరుండి లైన్లన్నీ చూపించారట చేరిన కొత్తలో. కార్డు అందగానే ఫోటో తీసి పంపింది. నాన్నకి ఒక్కటే అసంతృప్తి: ముద్రలో ఊరి పేరు లేదు, ఏవో అంకెలే ఉన్నాయి. "ఎక్కడ వేశామో తెలియని ముద్ర ఏం ముద్ర" అని విసుక్కున్నారు.

అయితే అమ్మాయి పంపిన ఫోటో పెద్దది చేసి చూస్తే, స్టాంపు పక్కన బాల్‌పెన్నుతో గుండ్రంగా గీసి, లోపల తెలుగులో "ఓత్‌రీవ్" అని, కింద తారీఖు వేసి ఉంది. డబ్బాలో వేసే ముందు ఆరింటి మీదా ఆయనే రాశారు, నేను చూడనే లేదు.